కేబుల్ ఊడితే కెర్నల్ పడిపోతోంది: తప్పు డెవ్ఎమ్‌దా, డ్రైవర్ రాసినవాళ్లదా?

అరండల్‌పేట_సీ:
గుంటూరు మిర్చి యార్డులో కాటా ఇండికేటర్‌ని పీసీకి కలిపే యూఎస్‌బీ కార్డు ఒకటుంది. లినక్స్ డ్రైవర్ సోర్సు కార్డు అమ్మినవాళ్లే ఇచ్చారు. బిల్లింగ్ ప్రోగ్రామ్ డివైస్ ఫైల్‌ని పొద్దుటినుంచి తెరిచే ఉంచుతుంది. మధ్యలో కేబుల్ ఊడితే అప్పటికేమీ కాదు, ప్రోగ్రామ్ మూసినప్పుడు కెర్నల్ ఊప్స్ (కెర్నల్ లోపలే ఘోరమైన తప్పు). కాసాన్ (మెమరీ తప్పులు పట్టే కెర్నల్ సాధనం) పెట్టి చూస్తే, ఫైల్ మూసినప్పుడు నడిచే రిలీజ్ ఫంక్షన్‌లో యూజ్ ఆఫ్టర్ ఫ్రీ, అంటే వదిలేసిన మెమరీని మళ్లీ తాకడం, అంటోంది. డివైస్ తగిలించగానే నడిచే ప్రోబ్‌లో డ్రైవర్ ప్రైవేట్ స్ట్రక్చర్‌ని డెవ్ఎమ్_కేజెడ్‌అలాక్‌తో తీసుకున్నారు, అంటే డ్రైవర్ విడిపోగానే ఆ మెమరీని కెర్నలే వదిలేస్తుంది. ఊడదీయగలిగే డివైస్‌ల డ్రైవర్లలో డెవ్ఎమ్ మెమరీ అసలు వాడకూడదని నా వాదన. ఏమంటారు?

పటమట_రింగ్0:
ఒప్పుకోనండీ. డివైస్ ఊడినప్పుడు నడిచే డిస్‌కనెక్ట్ ఫంక్షన్ పూర్తయ్యాక, తీసుకున్న వరసను తిరగేసి అన్నీ వదిలేయడమే డెవ్ఎమ్ పని. మామూలు కేజెడ్‌అలాక్‌తో తీసుకుని డిస్‌కనెక్ట్ చివర కేఫ్రీ (మెమరీ వదిలే కాల్) రాసినా ఇదే ఊప్స్ ఇదే చోట వస్తుంది. అద్దెకున్నవాళ్లు లోపలుండగానే ఇల్లు కూల్చేస్తూ, పలుగు మంచిది కాదంటే ఎలా? ఫైల్ తెరిచి ఉన్నంతసేపు బతకాల్సిన మెమరీని డ్రైవర్ విడిపోగానే వదిలేస్తున్నారు. ముందు అది దిద్దండి.

లబ్బీపేట_ప్యాచ్:
పటమట గారూ, సూత్రం మీరు చెప్పిందే. కానీ డిస్‌కనెక్ట్‌లో కేఫ్రీ కనిపిస్తే రివ్యూ చేసేవాళ్లు "ఫైల్ ఇంకా తెరిచి ఉంటే?" అని అడుగుతారు. డెవ్ఎమ్‌లో ఆ లైనే ఉండదు, కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. అందుకే ఫైల్ ఆపరేషన్లు ముట్టుకునే స్ట్రక్చర్‌కి దాన్ని నిషేధించినా తప్పులేదంటాను. ప్రోబ్, డిస్‌కనెక్ట్ మధ్య మాత్రమే వాడే బఫర్లకి నిక్షేపంగా వాడుకోవచ్చు.

అరండల్‌పేట గారూ, స్ట్రక్చర్‌లో ఒక కేరెఫ్ (ఎంతమంది వాడుతున్నారో చెప్పే లెక్క) పెట్టండి. ఓపెన్‌లో గెట్ (లెక్క పెంచడం), రిలీజ్‌లో పుట్ (తగ్గించడం), డిస్‌కనెక్ట్‌లో ఇంకో పుట్. చివరి పుట్‌లో కేఫ్రీ.

పటమట_రింగ్0:
అక్కడే దెబ్బతింటారు. అరండల్‌పేట గారూ, సీడెవ్ (డివైస్ ఫైల్ కోసం కెర్నల్ ఉంచే రికార్డు) ఆ స్ట్రక్చర్ లోపలే పొదిగి ఉందా, విడిగా ఉందా?

అరండల్‌పేట_సీ:
లోపలే ఉందండీ. సీడెవ్_ఇనిట్, సీడెవ్_యాడ్.

పటమట_రింగ్0:
అయితే కేరెఫ్ ఒక్కటే చాలదు. ఫైల్ మూసేటప్పుడు కెర్నల్ ముందు మీ రిలీజ్‌ని పిలుస్తుంది, ఆ తర్వాత తనే సీడెవ్_పుట్ పిలుస్తుంది. మీ రిలీజ్‌లో చివరి కేరెఫ్ పడి కేఫ్రీ జరిగితే, ఆ సీడెవ్_పుట్ పోయిన మెమరీని తాకుతుంది. ఊప్స్ ఎక్కడికీ పోదు, కొన్ని ఇన్‌స్ట్రక్షన్ల తర్వాతకి జరుగుతుందంతే.

సరైన దారి: స్ట్రక్ట్ డివైస్‌ని (వాడేవాళ్ల లెక్క తనలోనే ఉండే కెర్నల్ రికార్డు) కూడా లోపలే పొదగండి, దాని రిలీజ్ కాల్‌బ్యాక్‌లో కేఫ్రీ రాయండి, సీడెవ్_డివైస్_యాడ్ వాడండి. అప్పుడు సీడెవ్‌కి ఆ డివైస్ పేరెంట్ అవుతుంది. తెరిచిన ఫైల్ సీడెవ్‌ని, సీడెవ్ డివైస్‌ని పట్టుకుంటాయి. డిస్‌కనెక్ట్‌లో సీడెవ్_డివైస్_డెల్, చివర్లో పుట్_డివైస్. ప్రోబ్ మధ్యలో ఫెయిలైతే, డివైస్_ఇనిషియలైజ్ దాటాక కేఫ్రీ రాయకూడదు, అక్కడా పుట్_డివైసే.

లబ్బీపేట_ప్యాచ్:
సీడెవ్_పుట్ సంగతి నిజమే, కేరెఫ్ సలహా వెనక్కి తీసుకుంటున్నాను. డివైస్ ఫైల్‌ని యూఎస్‌బీ కోర్ చేత పెట్టించే యూఎస్‌బీ_రిజిస్టర్_డెవ్ వాడే డ్రైవర్లలో ప్రైవేట్ స్ట్రక్చర్‌లో సీడెవ్ ఉండదు కాబట్టి అక్కడ కేరెఫ్ నడుస్తుంది.

అయితే మెమరీ బతికినంత మాత్రాన పని అయిపోలేదు. సీడెవ్_డివైస్_డెల్ కొత్త ఓపెన్లనే ఆపుతుంది. పాత ఫైల్ నుంచి రీడ్, ఐఆక్టల్ (డివైస్‌కి ప్రత్యేక ఆదేశం పంపే కాల్) వస్తూనే ఉంటాయి. డిస్‌కనెక్ట్‌లో నేను పెట్టే వరస ఇది: సీడెవ్_డివైస్_డెల్; మ్యూటెక్స్ (ఒకసారికి ఒక్కరే పట్టుకోగల తాళం) తీసుకుని "ఊడింది" ఫ్లాగ్ పెట్టి మ్యూటెక్స్ వదలడం; ప్రతి యూఆర్‌బీకీ (యూఎస్‌బీ బదిలీ అభ్యర్థన) యూఎస్‌బీ_పాయిజన్_యూఆర్‌బీ; వెయిట్ క్యూలో నిద్రపోతున్నవాళ్లందరినీ లేపడం; టైమర్, తర్వాత వర్క్ (వెనక నడవడానికి క్యూలో పెట్టిన పని) ఆపడం; ఆఖర్న పుట్_డివైస్. రీడ్, రైట్, ఐఆక్టల్ ప్రతిదీ మ్యూటెక్స్ కింద ఫ్లాగ్ చూసి, ఊడి ఉంటే -19 (డివైస్ లేదు) ఇవ్వాలి. నిద్ర లేచాక కూడా మళ్లీ చూడాలి, చాలామంది మరిచిపోయేది ఇదే.

యూఎస్‌బీ_కిల్_యూఆర్‌బీ బదులు పాయిజన్ ఎందుకంటే, కిల్ ఆ ఒక్కసారికే ఆపుతుంది. వర్క్‌లో ఎక్కడో మళ్లీ సబ్మిట్ ఉంటే యూఆర్‌బీ తిరిగి లేస్తుంది. పాయిజన్ చేశాక సబ్మిట్ -1 (అనుమతి లేదు) ఇస్తుంది.

వర్క్ ముగిసేదాకా ఆగే క్యాన్సిల్_వర్క్_సింక్‌ని మాత్రం మ్యూటెక్స్ పట్టుకుని పిలవకండి. వర్క్ ఫంక్షన్ అదే మ్యూటెక్స్ కోసం ఆగితే ఇద్దరూ ఒకరికోసం ఒకరు కూర్చుంటారు. లాక్‌డెప్ (తాళాల వాడకాన్ని తనిఖీ చేసే కెర్నల్ సాధనం) ఆన్ చేసి ఉంటే వేలాడకముందే చెబుతుంది. టైమర్ వర్క్‌ని, వర్క్ టైమర్‌ని లేపుకునే డ్రైవర్లలో కెర్నల్ 6.2 నుంచి ఉన్న టైమర్_షట్‌డౌన్_సింక్ వాడితే ఆ గొలుసు తెగుతుంది.

బెంజ్‌సర్కిల్_ఊప్స్:
ఇంత చెప్పారు, టెస్టింగ్ ఎవరూ ఎత్తలేదు. సిస్‌ఎఫ్‌ఎస్‌లో (డివైస్‌లని ఫైళ్లుగా చూపే /sys) అన్‌బైండ్ రాసి, లేదా ఆథరైజ్డ్ ఫైల్‌లో 0 రాసి "హాట్‌ప్లగ్ టెస్ట్ పాస్" అనకండి. అలా విడదీసినప్పుడు, డ్రైవర్ సాఫ్ట్ అన్‌బైండ్ అడగకపోతే, డిస్‌కనెక్ట్ పిలవకముందే కోర్ యూఆర్‌బీలన్నీ ఆపేస్తుంది, స్టేటస్ -108 (మూసేశారు) వస్తుంది. నిజంగా కేబుల్ పీకితే ముందు -71 (ప్రోటోకాల్ లోపం) వస్తుంది, ఎందుకంటే పోర్టు ఖాళీ అయిందని హబ్ చెప్పేలోగా కంట్రోలర్ ఇంకా ప్యాకెట్లు పంపుతూనే ఉంటుంది. యూఆర్‌బీ ముగిసినప్పుడు నడిచే కంప్లీషన్‌లో -71కి వెంటనే రీసబ్మిట్ రాసుంటే ఆ కాస్త వ్యవధిలోనే డీమెసేజ్ (కెర్నల్ లాగ్) నిండిపోతుంది. -2, -104, -108 (యూఆర్‌బీని ఆపేశారని అర్థం) వస్తే రీసబ్మిట్ లేకుండా తిరిగిపోవాలి. -71కి ఆగి ప్రయత్నించాలి. కెర్నల్‌లోని యూఎస్‌బీహెచ్ఐడీ (కీబోర్డు, మౌస్‌ల) డ్రైవర్ 13 మిల్లీసెకన్లతో మొదలుపెట్టి రెట్టింపు చేస్తూ 104 దాకా పోతుంది. దాన్నే చూసి రాయండి.

చేత్తో పీకుతూ కూర్చోనక్కర్లేదు. పోర్టు వారీగా కరెంటు ఆపగల హబ్ ఉంటే యూహబ్‌సీటీఎల్ అనే టూల్‌తో స్క్రిప్టు రాయొచ్చు. చవక హబ్బుల్లో చాలావాటికి ఆ సదుపాయం ఉండదు, కొనేముందు చూసుకోండి. కెర్నల్‌లో కాసాన్‌తో పాటు డీబగ్_కేఆబ్జెక్ట్_రిలీజ్ ఆప్షన్ కూడా ఆన్ చేయండి. అది రిలీజ్‌ని కావాలనే 1 నుంచి 4 సెకన్లు ఆలస్యం చేస్తుంది, పుట్ తర్వాత కేఫ్రీ రాసిన తొందరపాటు వెంటనే బయటపడుతుంది.

తాడేపల్లి_యూజర్‌స్పేస్:
ఒక కాటా బరువు చదవడానికి కెర్నల్ డ్రైవర్ ఎందుకండీ అసలు? లిబ్‌యూఎస్‌బీతో (కెర్నల్ బయటి ప్రోగ్రాములకి యూఎస్‌బీ లైబ్రరీ) చేస్తే కేబుల్ ఊడినప్పుడు -4, అంటే డివైస్ లేదు, అని వస్తుంది. మహా అయితే ప్రోగ్రామ్ పోతుంది, మెషీన్ పోదు.

అరండల్‌పేట_సీ:
బిల్లింగ్ ప్రోగ్రామ్ సోర్సు మా చేతిలో లేదు. అది డివైస్ ఫైలే తెరుస్తుంది, టేర్ కొట్టడానికి (ఖాళీ బరువుని సున్నా చేయడానికి) ఐఆక్టల్ పంపుతుంది. అందుకే పీటీవై (ఉత్తుత్తి టెర్మినల్) కూడా పనికిరాదు.

తాడేపల్లి_యూజర్‌స్పేస్:
క్యూస్ ఉంది కదా, కెర్నల్ 2.6.31 నుంచీ. యూజర్‌స్పేస్ (కెర్నల్ బయట) నుంచే క్యారెక్టర్ డివైస్ చూపించొచ్చు, ఐఆక్టల్ కూడా అందుకోవచ్చు. వెనక లిబ్‌యూఎస్‌బీ పెట్టుకోండి. కేబుల్ ఊడినా ఆ ఫైల్ ఉంటుంది, మళ్లీ పెట్టగానే మీ డీమన్ (వెనక నడిచే ప్రోగ్రామ్) తిరిగి కలుపుకుంటుంది, బిల్లింగ్‌కి తెలియను కూడా తెలియదు.

పటమట_రింగ్0:
తెలియకపోవడమే నాకు భయం. ఊడిన కాటాకి పాత బరువు ఇస్తే రైతుకి నష్టం. క్యూస్ వాడినా సరే, ఊడగానే రీడ్‌కి -19 ఇవ్వాల్సిందే.