కాలనీ పార్కు స్థలానికి రేకులు కట్టేశారు, ఇప్పుడు ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. హైదరాబాద్ శివార్లలో మాది పాత గ్రామ పంచాయతీ లేఅవుట్. అందులో పార్కుకని వదిలిన జాగా చుట్టూ రాత్రికి రాత్రే నీలం రేకులు పాతేశారు. లోపలి వేపచెట్లు కొట్టేసి, మొదళ్లు కనబడకుండా మట్టి పోశారు. వాచ్‌మన్‌ని అడిగితే "మా సార్‌తో మాట్లాడుకోండి" అంటాడు. ఆ సారెవరో వాడికైనా తెలుసో లేదో!

ఈసీ (ఆస్తి లావాదేవీలు చూపే ధ్రువపత్రం) తీయిస్తే ఆ జాగా బై నంబర్లతో (అసలు నంబరుకి /1, /2 అని తగిలించినవి) ముక్కలై, రిజిస్ట్రేషన్లు కూడా అయిపోయాయి. మా దగ్గరున్నది ఒక పెద్దాయన సేల్ డీడ్‌కి జతచేసిన లేఅవుట్ నకలు. మడతల దగ్గర చిరిగింది కానీ "పార్కు" అన్న అక్షరాలు స్పష్టంగానే ఉన్నాయి. మున్సిపాలిటీ వాళ్లేమో గిఫ్ట్ డీడ్ (పార్కు జాగాని స్థానిక సంస్థకి రాసిచ్చే పత్రం) లేదు కాబట్టి మాకు సంబంధం లేదంటున్నారు. ఇది నిజంగా రూలేనా, తప్పించుకోవడమా?

ప్రభుత్వ స్థలాల ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ ప్రజావాణిలో ఫిర్యాదు ఇవ్వాలనుకుంటున్నాం. ఏయే కాగితాలు పెడితే పట్టించుకుంటారు? స్థలాన్ని రిజిస్ట్రేషన్లు జరగకుండా ఆపే 22ఏ నిషేధిత జాబితాలో చేర్పించిన కాలనీలు ఏమైనా ఉన్నాయా? ఈలోగా వాళ్లు స్లాబు వేసేస్తారేమోనని టెన్షన్. స్టే కోసం సివిల్ కోర్టుకా, హైకోర్టులో రిట్టా? మా సంఘానికి ఇంకా రిజిస్ట్రేషన్ లేదు. నలుగురైదుగురి పేర్ల మీద వేస్తే చెల్లుతుందా?

ఇంకో తలనొప్పి ఏంటంటే, సంతకం అనగానే సగం మంది "మనకెందుకండీ గొడవ" అని తలుపేసుకుంటున్నారు. ఇలాంటి వాళ్లని మీరెలా కలుపుకున్నారు?