వారధా, వారిధా? సముద్రం మీది దారికి ఏ మాట?

దేవరకొండ దిక్కు నుంచి ఒక టీచరమ్మ అడిగిన్రు: "పిల్లలతోని గోడపత్రిక రాయిస్తున్న. చైనాల షాంఘై నుంచి సముద్రం నడుమ ఉన్న యాంగ్‌షాన్ రేవు దాక వేసిన డోంఘై వంతెన మీద. వారధి అని రాయాల్నా, వారిధి అనా? సేతువు అంటే తప్పా? శీర్షిక ఏం పెట్టాలె?"

అక్కా, వారధి అనే రాయించండి. వారిధి అంటే సముద్రం. 'వారి' అంటే నీళ్లు, ఆ నీళ్లకు నెలవు వారిధి. జలధి, అంబుధి కూడా అదే తీరు. ఒక్క గుడితోనే అర్థం మారిపోతది, పిల్లలకు ఇది ఇప్పుడే చెప్పాలె.

వంతెన అన్నా తప్పు లేదు. కానీ వాడుక చూడండి: "ఇద్దరి నడుమ వారధి లెక్క ఉన్నడు" అంటం, అక్కడ వంతెన అనం. పెద్ద నీళ్లను దాటించేదన్న బరువు ఆ మాటకుంది. విజయవాడల కృష్ణ మీద ఉన్నది కూడా కనకదుర్గ వారధే.

సేతువు సంగతి కొంచెం వేరే. సంస్కృతంల ఆ మాటకు గట్టు, కట్ట అనే అర్థాలు కూడా ఉన్నయి. రామాయణంల కొండలు, చెట్లు తెచ్చి సముద్రంల పడేసి కట్టింది ఒక తీరుగ కట్టనే. చెరువుకట్ట నీళ్లను ఆపుతది, వంతెన నీళ్లను పోనిస్తది. డోంఘై స్తంభాల మీద నిలబడ్డది. ఓడలు దాటే చోట తీగలతో వేలాడదీసి స్తంభానికీ స్తంభానికీ నడుమ 420 మీటర్ల జాగ వదిలిన్రు. అందుకే నా మొగ్గు వారధి దిక్కే.

వనపర్తి తమ్ముడొకాయన కింద రాసిండు: "మా ఇంట్ల వంతెన అనే మాట లేదన్నా. బ్రిడ్జి అంటం. ముసలోళ్లు పుల్ అంటరు, బీచుపల్లి పుల్ అని." తమ్మీ, అది కూడా మన మాటే. అక్కా, గోడపత్రికల ఒక మూలకు దాన్ని రాయించండి.

ఇంకొక మాట తప్పక రావాలె: పూడిక. షాంఘై అంత పెద్ద ఊరై ఉండి రేవు కోసం అంత దూరం ఎందుకు పోయింది? యాంగ్జీ నది మోసుకొచ్చే ఒండ్రుతో ఒడ్డు పొంట లోతు చాలలేదు. పెద్ద కంటైనర్ ఓడలకు 15 మీటర్ల లోతైనా ఉండాలె, అది సముద్రం నడుమ యాంగ్‌షాన్ దీవుల కాడ దొరికింది. అక్కడికి దారి కావాలె కాబట్టి 2002ల పని మొదలుపెట్టి, 32.5 కిలోమీటర్ల వంతెన వేసి 2005 డిసెంబరుల తెరిచిన్రు. చెరువుల పూడిక తీసుడు కండ్లార చూసిన నల్లగొండ పిల్లలకు ఇది ఒక్క వాక్యంల సమజైతది.

పోర్టు అనే బదులు రేవు అని రాయండి. సోమశిల కాడ కృష్ణల పుట్టి ఆగే జాగ రేవే, యాంగ్‌షాన్‌ల ఓడ ఆగే జాగ కూడా రేవే. శీర్షిక అడిగిన్రు కదా, "తూర్పు సముద్రపు వారధి" అని పెట్టండి. డోంఘై అంటే చైనా భాషల తూర్పు సముద్రం.