గంగ జాతరలో బండ వేషం బూతులు ఇంకా అవసరమా?

బెంగళూరు తిరుపతోడు:
ఈసారి తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతరకు నా కూతుర్ని తీసుకుపోయినా. పదేళ్ళ పిల్ల. గురువారం, బండ వేషం రోజు. మొహాన కుంకుమ పూసుకున్న నలుగురు కుర్రాళ్ళు అడ్డమొచ్చి నోటికొచ్చిన బూతులన్నీ తిట్టి పోయినారు. "నాన్నా, మనమేం చేసినాం వాళ్ళకి?" అనింది. ఏం చెప్పాల? శ్రీవారి చెల్లెలని కొండ మీద నుంచి సారె వచ్చే గుడి ఇది. దాని ముందర ఈ బూతులేంది? ఎత్తేయాల.

వేపమండ:
సారె పంపేవాళ్ళకి ఈ బూతుల సంగతి తెలీదంటావా అన్నా?
వారాన్ని వారంగా చూడు. అవిలాల ఊరి నుంచి కూడా సారె వచ్చి, మంగళవారం రాత్రి చాటింపు వేస్తారు. ఆ తర్వాత బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి, సున్నపుకుండలు, రోజుకొక వేషం. పాలెగాడు ఊళ్ళో పెళ్ళికూతుళ్ళను చెరుస్తా ఉంటే గంగమ్మ వాణ్ణి వెతుకుతా మార్చిన వేషాలవి. దాక్కున్నోణ్ణి తిట్టి బయటికి లాగడానికే బండ వేషం అని మా అవ్వ చెప్పేది. దొర వేషంలో వాడి తల తీస్తాది. మధ్యలో ఒక రోజు పీకేస్తే కథ కుంటిదవుతుంది. తిట్టు పడితే మంచిదని ఎదురుపోయేవాళ్ళను నేను చూసినా.

అవిలాల ఆడబిడ్డ:
మీ అవ్వ చెప్పింది నిజమే. అయితే తిట్టేది ఎవర్ని? పాలెగాణ్ణే కదా. బైకు మీద ముగ్గురెక్కి, కాలేజీ నుంచి వచ్చే పిల్ల పక్కన స్పీడు తగ్గించి తిడితే ఆ నోరు గంగమ్మదా, పాలెగాడిదా? మొక్కున్నోడు వేషం వేసుకుని, ముందు వేశాలమ్మ గుడిలో దండం పెట్టి గంగమ్మ దగ్గరికి పోతాడు. వీళ్ళకు గుడి ఏ దిక్కో కూడా తెలీదు.

మా తమ్ముడు చిన్నప్పుడు జబ్బు చేస్తే అమ్మ మొక్కింది. ఏటా మాతంగి వేషం వేస్తాడు. నా పట్టుచీరే. కుచ్చిళ్ళు నేనే పెడతా. గాజులు చేతికి పట్టవు, సబ్బు రాసి తోస్తా, "అక్కా నొప్పి" అంటాడు. మీసం తీయడు, దానికీ రోజంతా నవ్వుకుంటాం! వీధిలో పోతా ఉంటే ముసలోళ్ళు కూడా వాడి కాళ్ళకు మొక్కుతారు. ఆ పూట వాడు మావాడిలా ఉండడు.

వేపమండ:
బైకు గాళ్ళ సంగతిలో నేనూ నీతోనే అక్కా. అయితే మొక్కున్నోడెవడు, తాగినోడెవడు అని ఎవరు తేల్చాల? పోలీసులా? ఈరోజు బూతు ఆపితే రేపు మగోళ్ళు చీర కట్టుకోకూడదంటారు.

అవిలాల ఆడబిడ్డ:
పోలీసులెందుకు? మా వీధిలో పెద్దోళ్ళు ఒకణ్ణి ఆపి, "ఏం మొక్కురా నీది?" అని అడిగినారు. నీళ్ళు నమిలి ఇంటికి పోయినాడు.

బెంగళూరు తిరుపతోడు:
చెల్లీ, వచ్చే ఏడు ఆదివారానికి వస్తాం. మీ తమ్ముడి వేషం పాపకు చూపించాల. గురువారం మాత్రం రాను.