సందక్‌ఫూ ట్రెక్కులో నేపాల్‌లోంచి నడిచే రోజు: పాస్‌పోర్ట్ లేకపోతే కుదురుతుందా?

నల్గొండ పోరడు:

అందరికీ నమస్తే. ఏప్రిల్‌లో ముగ్గురు దోస్తులం డార్జిలింగ్ దగ్గర, నేపాల్ సరిహద్దు మీద ఉన్న సందక్‌ఫూ శిఖరానికి పోదామనుకుంటున్నాం. మానేభంజ్యాంగ్‌లో నడక మొదలు, మొదటి రాత్రి తుమ్లింగ్, రెండో రాత్రి కాలిపోఖ్రీ. మ్యాపులో ఆ రెండో రోజు దారి చూస్తే తల తిరిగింది. కాసేపు ఇండియా, కాసేపు నేపాల్, మళ్లీ ఇండియా. తుమ్లింగ్ అయితే నేపాల్‌లోనే ఉంది. మా ముగ్గురిలో ఎవరికీ పాస్‌పోర్ట్ లేదు. ఇంట్లో చెప్పగానే మా నాయిన "పరాయి దేశం పోలీసులు పట్టుకుంటే ఎవరు విడిపించాలె?" అన్నాడు. అప్పటినుంచి అమ్మకు కూడా టెన్షన్. పోయొచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే ఆ ఒక్క రోజు సంగతి కొంచెం వివరంగా చెప్పండి. ప్రాక్టీసుకు రోజూ పొద్దున లతీఫ్ సాహెబ్ గుట్ట ఎక్కి దిగుతున్నా. అది సరిపోతుందా?

పాలమూరు టీచరమ్మ:

తమ్మీ, ముందు మీ నాయినకు ఇది చదివి వినిపించు. 1950 నాటి ఒప్పందం ప్రకారం మనవాళ్లు నేపాల్‌కు, వాళ్లు మన దగ్గరికి వీసా లేకుండా రావచ్చు, పోవచ్చు. పాస్‌పోర్ట్ లేకపోతే ఓటరు కార్డు తీసుకుపో. అసలు కార్డు! మా మరిది అసలుది డార్జిలింగ్ హోటల్లో సూట్‌కేసులో పెట్టి, ఫోన్‌లో ఫొటో ఉందిగా అని ధీమాగా వచ్చాడు. చెక్‌పోస్టు దగ్గర జవాను ఆ ఫొటో చూశాడు, మా గైడుతో ఏదో మాట్లాడాడు, పది నిమిషాలు నిలబెట్టి వదిలాడు. నలుగురిలో గట్టిగా మాట్లాడే మనిషి ఆ సాయంత్రం దాకా నోరు విప్పలేదు. మాకూ కాస్త ప్రశాంతంగానే ఉండింది.

ఇక ఆ రోజు. తుమ్లింగ్‌లో అలారం ఐదున్నరకు పెట్టుకున్నా. మోగింది, లేచాను. మా ఆయన తన ఫోన్ చూసి "ఇంకా ఐదుంపావే కదా, పడుకోనీ" అని దుప్పటి లాక్కున్నాడు. నా ఫోన్ రాత్రే నేపాల్ టవర్ పట్టుకుంది. వాళ్ల గడియారం మనకన్నా పావుగంట ముందు. గౌరీశంకర్ పర్వతం మీదుగా పోయే రేఖాంశాన్ని బట్టి 1986 నుంచి వాళ్ల టైము అది. పిల్లలకు ఏళ్ల తరబడి రేఖాంశాలు చెప్పినదాన్ని, ఆ చలిలో దానివల్ల నిద్ర పోగొట్టుకున్నా. నువ్వు మాత్రం ఆటోమేటిక్ టైము ఆపెయ్, గైడును కూడా ఏ టైము చెబుతున్నావని అడుగు.

అయితే ఆ పావుగంటే మాకు కలిసొచ్చింది. బయటికి వస్తే కాంచన్‌జంగా మీద అప్పుడే ఎరుపు పడుతోంది. అక్కడివాళ్లు ఆ వరుసను పడుకున్న బుద్ధుడు అంటారు: కుంభకర్ణ శిఖరం తల, కాంచన్‌జంగా ఒళ్లు, పాండిమ్ పాదాలు. నాకు మటుకు మా శ్రీరంగాపూర్ రంగనాయకస్వామి గుర్తొచ్చాడు. చెయ్యెత్తి దండం పెట్టేశాను.

టీ తాగి నేపాల్ వైపు జౌబారీ మీదుగా గైరీబాస్‌కు దిగాం. అసలు కష్టం ఇదే, ఎవరూ ముందుగా చెప్పరు. తుమ్లింగ్ దాదాపు 2,900 మీటర్ల ఎత్తులో ఉంది, గైరీబాస్ 2,600 పైచిలుకు. అంటే కష్టపడి ఎక్కినదాంట్లో దాదాపు మూడొందల మీటర్లు దిగి, మళ్లీ ఎక్కాలి. దిగేటప్పుడు నా ఎడమ మోకాలు మొరాయించింది. గైరీబాస్ ఇండియాలోది, చెక్‌పోస్టు అక్కడే. మరిది కథ జరిగింది కూడా అక్కడే. అక్కడినుంచి కయ్యకట్టా దాకా ఒకటే ఎక్కుడు, ఆ ఊరు మళ్లీ నేపాల్. మధ్యలో సరిహద్దు ఎన్నిసార్లు దాటామో లెక్కపెడదామనుకుని మూడో రాయి దగ్గరే మానేశాను.

కయ్యకట్టాలో నూడుల్స్ తిన్నాం. బిల్లు 320 అన్నారు. నేను గుడ్లు తేలేశాను. దుకాణం దీదీ నవ్వి "ఎన్‌సీ, ఎన్‌సీ" అంది. వాళ్ల డబ్బును ఎన్‌సీ, మన డబ్బును ఐసీ అంటారట. మన రూపాయికి వాళ్లది రూపాయి అరవై పైసలు. అంటే మనకు రెండు వందలు. వంద నోట్లు ఎక్కువ పెట్టుకో. నా సంచిలో సకినాలు ఉంటే ఆమెకు నాలుగు ఇచ్చాను. బదులుగా ఛుర్పీ అని ఒక తెల్లటి ముక్క ఇచ్చింది. వక్క అనుకుని కొరికాను, పన్ను పోయినంత పనైంది. పాలతో చేసి ఎండబెట్టిన జున్నులాంటిదట. కొరక్కుండా బుగ్గన పెట్టుకోవాలి. కాలిపోఖ్రీ చేరేదాకా నోట్లోనే ఉంది.

మధ్యాహ్నం మంచు కమ్మేసింది, పది అడుగుల ముందు మనిషి కనబడలేదు. గురాస్ అనే ఎర్ర పూలు మాత్రం ఆ తెల్లదనంలో మన మోదుగు పూలలా మండుతున్నాయి. కాలిపోఖ్రీలో నల్లటి చిన్న కుంట, చుట్టూ రంగు జెండాలు. పవిత్రమైనది, అందులో కాళ్లు పెట్టకు.

లతీఫ్ సాహెబ్ గుట్ట మంచిదే. కానీ వీపున ఆరేడు కిలోల బియ్యం సంచి వేసుకుని ఎక్కు, దిగేటప్పుడు పరుగెత్తకు.

దేవరకొండ మాజీ జవాన్:

టీచరమ్మ చెప్పింది నిజం. నేను ఆ సరిహద్దులోనే పనిచేశాను. నేపాల్ సరిహద్దులో మన వైపు కాపలా 2001 నుంచి సశస్త్ర సీమా బల్‌ది. ఊళ్లో ఎద్దు కూడా రెండు దేశాల్లో మేసి వస్తుంది, అక్కడ నడిచేవాళ్లను చూసి ఎవరూ కంగారుపడరు. చెక్‌పోస్టు ఫొటో తీయొద్దు. రిజిస్టర్‌లో పేరు రాయకుండా దాటొద్దు, మంచులో తప్పిపోతే మిమ్మల్ని వెతకడానికి అదే ఆధారం. అడ్డదారి అసలు పట్టొద్దు. సందక్‌ఫూ 3,636 మీటర్లు. తలనొప్పి, వాంతి మొదలైతే ఆ పూట పైకి పోవడం ఆపండి, తగ్గకపోతే కిందికి దిగండి. మగతనం చూపించే చోటు కాదు.

అచ్చంపేట అన్న:

ఏప్రిల్ ఎండలో "వస్తున్నాం లింగమయ్యా" అనుకుంటూ సాలేశ్వరం నడిచినోళ్లకు ఇదొక లెక్కా? దీనికి ఇంత పురాణమా?

పాలమూరు టీచరమ్మ:

అన్నా, సాలేశ్వరం నేనూ ఆరుసార్లు నడిచాను. అక్కడ చెమట కారుతుంది, మనకు అలవాటే. ఇక్కడ ఎక్కేటప్పుడు చెమట, ఆగిన రెండో నిమిషానికి అదే చెమట వీపు మీద మంచులా తగులుతుంది. అందుకే తమ్మీ, నూలు బనియన్ వద్దు, తొందరగా ఆరే బట్టలు కొనుక్కో. ఒక పొడి జత ప్లాస్టిక్ కవర్లో పెట్టి, రాత్రి దాకా ముట్టుకోకు. అన్నట్టు జూన్ మధ్య నుంచి సెప్టెంబర్ మధ్య దాకా ఈ దారి పోయే సింగలీలా నేషనల్ పార్కు మూసేస్తారు. ఏప్రిల్ తప్పితే మళ్లీ చలికాలం ముందే.

నల్గొండ పోరడు:

అక్కా, అన్నా, థాంక్స్. నాయినకు మొత్తం చదివి వినిపించా. ఎద్దు మాటకు నవ్విండు. ఇప్పుడు బీరువాలో నా ఓటరు కార్డు వెతుకుతున్నాడు, దొరకలేదు. అమ్మ మాత్రం ఒకటే అడుగుతోంది: సకినాలు వారం రోజులు మెత్తబడకుండా ఉంటాయా?