ప్రోగ్రెసివ్ ప్రెస్‌కు మారితే రైఫిల్ తూటాలను కూడా దాని మీదే రీలోడ్ చేసుకోవచ్చా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. ఇంతవరకు సింగిల్ స్టేజ్ ప్రెస్ (హ్యాండిల్ ఒకసారి లాగితే ఒకే పని చేసే యంత్రం) మీదే 9 ఎంఎం, .38 స్పెషల్ తూటాలను రీలోడ్ చేసుకుంటున్నాను, అంటే కాల్చిన ఖాళీ కేసింగ్‌లను మళ్లీ తూటాలుగా మార్చుకుంటున్నాను. సొంత వాడకానికి ఇలా చేసుకోవడాన్ని నేనుండే చోట చట్టం అనుమతిస్తుంది కాబట్టి ఆ చర్చ ఇక్కడ అవసరం లేదు. పోటీల సాధనకు కావలసినన్ని తూటాలు ఈ పద్ధతిలో తయారు కావడం లేదు కనుక హ్యాండిల్ ఒక్కో లాగుకు అన్ని దశల పనీ ఒకేసారి జరిగే ప్రోగ్రెసివ్ ప్రెస్ కొనాలనుకుంటున్నాను. ఇప్పుడు .223 రైఫిల్ కూడా చేతికి వచ్చింది.

నా సందేహాలు రెండు. పిస్టల్ తూటాల మాదిరిగానే .223 తూటాలను కూడా ఖాళీ కేసింగ్ నుంచి పూర్తి తూటా వరకు ఒకే దఫాలో చేసుకోవచ్చా? రెండోది నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది. ఇప్పుడైతే పౌడర్ పోసిన కేసింగ్‌లన్నిటినీ చెక్క బ్లాకులో నిలబెట్టి, దీపం కింద ఒక్క చూపులో పరిశీలించిన తర్వాతే బుల్లెట్లు పెడతాను. ప్రోగ్రెసివ్ ప్రెస్‌లో ఆ ఘట్టమే ఉండదు కదా, మరి ఒకే కేసింగ్‌లో రెండుసార్లు పౌడర్ పడితే తెలిసేదెలా? షెల్ ప్లేట్ (కేసింగ్‌లను పట్టుకుని ఒక దశ నుంచి మరో దశకు చేర్చే పళ్లెం) దానంతటదే తిరిగే యంత్రం మంచిదా, చేత్తో తిప్పుకొనేది మంచిదా అన్నది కూడా దీని మీదే ఆధారపడుతుందని అనుకుంటున్నాను.

మొదటి జవాబు

రెండో సందేహంతోనే మొదలుపెడతాను, ఎందుకంటే ప్రోగ్రెసివ్ ప్రెస్‌లో ప్రాణాపాయం ఉన్నది అక్కడే.

డిల్లన్ 550 వంటి నాలుగు స్టేషన్ల (ఒక్కో పని జరిగే చోట్ల) యంత్రంలో ప్లేట్‌ను మీరే తిప్పాలి. తిప్పడం మరచిపోయి హ్యాండిల్ మళ్లీ లాగితే అదే కేసింగ్‌లో రెండోసారి పౌడర్ పడుతుంది. డిల్లన్ 750 వంటి అయిదు స్టేషన్ల యంత్రంలో ప్లేట్ దానంతటదే తిరుగుతుంది కనుక ఆ మరపుకు తావు లేదు గానీ, మధ్యలో ఏదైనా ఇరుక్కుని హ్యాండిల్‌ను సగంలో వెనక్కి తెచ్చి మళ్లీ లాగినప్పుడు అక్కడా అదే ప్రమాదం ఎదురవుతుంది. తేడా ఎక్కడంటే, మొదటి దానిలో పొరపాటు పరధ్యానం వల్ల జరుగుతుంది, రెండో దానిలో యంత్రం మొరాయించినప్పుడు జరుగుతుంది. నా ఓటు రెండో దానికే, ఎందుకంటే అయిదో స్టేషన్ ఉంటే పౌడర్ మట్టాన్ని పరీక్షించే డైని (ప్రెస్‌లో బిగించే పనిముట్టును) అమర్చుకోవడానికి చోటు దొరుకుతుంది. అయితే ఆ డై పెద్ద తేడాలను మాత్రమే పట్టుకోగలదు, తూకపు త్రాసు చేసే పనిని అది చేయలేదు.

మీరు .38 స్పెషల్ చేస్తున్నారు కనుక ఒక మాట వివరంగా చెప్పాలి. అది 1898 నాటి తూటా, నల్లమందు కాలపు కొలతలతో రూపొందినది. అందువల్ల లోపల చోటు చాలా ఎక్కువ, నేటి వేగవంతమైన పొగరాని పౌడర్ అందులో అడుగున కొద్దిగా మాత్రమే కనిపిస్తుంది. రెండింతలు పడినా అంచు దాటదు, బుల్లెట్ ఏ అభ్యంతరమూ లేకుండా కూర్చుంటుంది. కాబట్టి మాన్యువల్‌లో మీ బుల్లెట్ బరువుకు ఇచ్చిన పౌడర్లలో, ఒకే మోతాదుతో కేసింగ్‌లో సగానికి పైగా నింపే రకాన్ని ఎంచుకోండి. అప్పుడు రెండోసారి పడితే పౌడర్ పైకి పొర్లి ప్లేట్ మీద చిమ్ముతుంది, కళ్లు మూసుకున్నా తెలిసిపోతుంది.

బుల్లెట్ పెట్టే స్టేషన్‌కు పైన చిన్న ఎల్‌ఈడీ దీపం బిగించి, ఎడమ చేత్తో బుల్లెట్‌ను అందించే ముందు ప్రతి కేసింగ్ లోపలికి చూడటం అలవాటు చేసుకోండి. కూర్చుంటే కనిపించని ఎత్తులో ప్రెస్ ఉంటే, నిలబడి పనిచేయండి లేదా అద్దం అమర్చుకోండి. ఏ కారణంగానైనా పని ఆగితే, ప్లేట్ మీదున్న కేసింగ్‌లన్నిటినీ తీసేసి, పౌడర్‌ను తిరిగి హాపర్‌లో (ప్రెస్ మీది పౌడర్ డబ్బాలో) పోసి, మళ్లీ మొదటి నుంచి ఆరంభించండి. "ఇందులో పడే ఉంటుంది" అనే ఊహ ఈ పనిలో పనికిరాదు.

పౌడర్ అసలు పడకపోవడం కూడా తక్కువ ప్రమాదం కాదు. ప్రైమర్ (కేసింగ్ అడుగున ఉండి పౌడర్‌ను అంటించే చిన్న పేలుడు మూత) ఒక్కటే బుల్లెట్‌ను బ్యారెల్‌లోకి నెట్టి అక్కడ ఇరికించగలదు, దాని వెనుక మరో తూటా కాలిస్తే బ్యారెల్ ఉబ్బవచ్చు, పగలవచ్చు. శబ్దం బలహీనంగా వినిపించిన మరుక్షణమే ఆపి, తుపాకీని పూర్తిగా ఖాళీ చేసి, బ్యారెల్‌ను పరిశీలించాలి.

రెండో జవాబు

.223 గురించి నేను చెబుతాను. యంత్రం ఒకే దఫాలో చేయగలదు గానీ మీరు అలా చేయకండి, పనిని రెండు దఫాలుగా విడగొట్టుకోండి.

పిస్టల్ కేసింగ్ దాదాపు నిటారుగా ఉంటుంది కనుక కార్బైడ్ డైలో లూబ్రికెంట్ లేకుండానే సైజ్ అవుతుంది, అంటే తిరిగి అసలు కొలతకు వస్తుంది. .223 కేసింగ్‌కు భుజం, సన్నని మెడ ఉంటాయి కాబట్టి లూబ్రికెంట్ తప్పనిసరి, అది లేకపోతే కేసింగ్ డైలో బిగుసుకుపోయి అంచు ఊడి వస్తుంది. సైజ్ చేసినప్పుడు ఇత్తడి మెడ వైపు సాగుతుంది. దాని గరిష్ఠ పొడవు 1.760 అంగుళాలు, అది దాటితే 1.750కి కత్తిరించుకోవాలి. పొడవు మీరిన కేసింగ్ మెడ ఛాంబర్ చివర నొక్కుకుపోయి బుల్లెట్‌ను బిగించి పట్టుకుంటుంది, దానితో పీడనం ప్రమాదకరంగా పెరుగుతుంది. ఈ కొలతా కత్తిరింపూ సైజ్ చేసిన తర్వాతే జరగాలి కనుక పని అక్కడ ఆగక తప్పదు.

మొదటి దఫాలో పాత ప్రైమర్ తీసి సైజ్ చేయండి. భుజం ఎంత వెనక్కి జరిగిందో గేజ్‌తో చూసుకోండి, సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌కు 0.003 అంగుళం సరిపోతుంది. తర్వాత టంబ్లర్‌లో (కేసింగ్‌లను పొట్టుతో కలిపి కదిలించి శుభ్రం చేసే యంత్రంలో) వేసి లూబ్రికెంట్ పోగొట్టి, కత్తిరించి, సైనిక కేసింగ్‌లైతే ప్రైమర్ గుంత చుట్టూ ఉన్న క్రింప్‌ను (లోపలికి నొక్కి బిగించిన అంచును) తొలగించండి. రెండో దఫాలో ప్రైమర్, పౌడర్, బుల్లెట్ మాత్రమే ఉంటాయి. మొదటి స్టేషన్‌లో ప్రైమర్ తీసే డైని మాత్రం ఉంచుకుంటే, ఫ్లాష్ హోల్‌లో (ప్రైమర్ మంట లోపలికి వెళ్లే రంధ్రంలో) ఇరుక్కున్న టంబ్లర్ పొట్టును అది తోసేస్తుంది.

పౌడర్ ఎంపికలో కూడా శ్రద్ధ అవసరం. పుల్లల ఆకారంలో ఉండే పౌడర్ .223 సన్నని మెడ దగ్గర అడ్డంగా చిక్కుకుని ఆగుతుంది, ఆ కేసింగ్‌కు తక్కువ పడి, మిగిలినది తర్వాతి దానిలోకి దిగుతుంది. గుండ్రని రేణువుల పౌడర్ నీళ్లలా జారుతుంది కనుక ప్రోగ్రెసివ్ ప్రెస్‌కు అదే తగినది. దూరపు లక్ష్యాలకు ప్రతి మోతాదునూ తూచి చేసుకునే తూటాలకు మీ సింగిల్ స్టేజ్ ప్రెస్సే మేలు, దాన్ని అమ్మేయకండి.

మూడో జవాబు

ప్రైమర్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. ట్యూబులో ఒకదాని మీద ఒకటి నూరు ప్రైమర్లు పేర్చి ఉంటాయి, కాబట్టి ఏదైనా ఇరుక్కున్నప్పుడు కడ్డీతో పొడవకూడదు, హ్యాండిల్‌ను బలవంతంగా నొక్కకూడదు, కళ్లద్దాలు లేకుండా ఆ బల్ల దగ్గరికే రాకూడదు. ప్రైమర్ కేసింగ్ అడుగుకు సమంగా గానీ, వెంట్రుకవాసి లోపలికి గానీ కూర్చోవాలి. వేలి కొసతో అడుగును నిమిరితే ఎత్తుగా ఉన్నది వెంటనే తగులుతుంది. ఏఆర్-15 తరహా రైఫిళ్లలో ఫైరింగ్ పిన్ స్వేచ్ఛగా కదులుతుంది, బోల్ట్ మూసుకునేటప్పుడు ప్రైమర్‌ను తేలికగా తాకుతుంది కూడా, అందువల్ల ఎత్తుగా ఉన్న ప్రైమర్ ట్రిగ్గర్ నొక్కకుండానే పేలే అవకాశం ఉంది. టంబ్లర్ పొట్టులోని ధూళిలో సీసం ఉంటుంది కనుక ఆ పని ఇంటి లోపల పెట్టుకోవద్దు, పని ముగిశాక చేతులు కడుక్కోనిదే ఏమీ తినవద్దు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. అయిదు స్టేషన్ల యంత్రమే తీసుకుంటాను, .223 పనిని రెండు దఫాలుగానే చేస్తాను. చివరిగా ఒక్కటి: .38కి వాడే రోల్ క్రింప్‌నే 9 ఎంఎంకు కూడా ఇవ్వవచ్చా?

మొదటి జవాబు ఇచ్చినవారు

ఇవ్వకూడదండీ. .38 కేసింగ్ తన అడుగు అంచు ఆధారంగా ఛాంబర్‌లో నిలుస్తుంది కనుక మూతిని లోపలికి మడిచినా ఇబ్బంది లేదు. 9 ఎంఎం మూతి అంచు మీదే నిలుస్తుంది, దాన్ని మడిచేస్తే ఆధారమే పోతుంది. కాబట్టి దానికి టేపర్ క్రింప్ మాత్రమే ఇచ్చి, బుల్లెట్ కోసం విప్పిన మూతి మళ్లీ నిటారుగా అయ్యేంత వరకు, అంటే మూతి దగ్గర వెడల్పు 0.380 అంగుళాలు మించకుండా సరిచేయండి. తర్వాత పిస్టల్ నుంచి విడదీసిన బ్యారెల్‌లోకి తూటాను జారవిడవండి. టక్కున దిగి, బ్యారెల్‌ను తలకిందులు చేయగానే తన బరువుతోనే బయటపడితే డై సరిగ్గా కుదిరినట్టే.