పెద్దవాళ్ళ సైకియాట్రీకి విడిగా డీఎం అవసరమా? ఎండీ చాలదా?

విశాఖ_పీజీ: ఎండీ సైకియాట్రీ రెండో ఏడాదిలో ఉన్నా. అయ్యాక బెంగళూరు నిమ్హాన్స్‌లోనో లక్నో కేజీఎంయూలోనో పెద్దవాళ్ళ సైకియాట్రీలో డీఎం (ఎండీ తర్వాత చేసే సూపర్ స్పెషాలిటీ) చేద్దామని ఉంది, ఇంకో 3 ఏళ్ళు. దేశంలో అరవై దాటినవాళ్ళలో 7.4 శాతం మందికి డిమెన్షియా (ముదిరే మతిమరుపు జబ్బు) ఉందని అంచనా, అంటే దాదాపు 88 లక్షల మంది. ఇంట్లో మాత్రం ఇంకా ఎన్నాళ్ళు చదువుతావురా అంటున్నారు. ఏం చేయమంటారు?

పాతికేళ్ళ_ప్రాక్టీస్: అక్కర్లేదు తమ్ముడూ. జిల్లాలో నా ఓపీకి వచ్చేవాళ్ళలో సగం ముసలివాళ్ళే. డోసు సగంతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతాం, కిడ్నీ, సోడియం చూసుకుంటాం. దీనికి ఇంకో మూడేళ్ళా? మామూలు సైకియాట్రిస్టే దొరకని ఊళ్ళు బోలెడు.

లీడ్స్_నుంచి: సార్, యూకేలో దీన్ని 1989లోనే విడి స్పెషాలిటీగా గుర్తించారు. కోర్ ట్రైనింగ్ 3 ఏళ్ళు, ఎంఆర్‌సీసైక్ అనే సైకియాట్రీ పరీక్ష పాసవ్వాలి, ఆ తర్వాత ఓల్డ్ ఏజ్‌లో ఇంకో 3. మొత్తం ఆరేళ్ళు.

పాతికేళ్ళ_ప్రాక్టీస్: మన ఎండీ, డీఎం కలిపినా ఆరేగా. కానీ అక్కడ చదివాక ఉద్యోగం ఉంటుంది. ఇక్కడ జిల్లాలో ఆ పోస్టేది?

లీడ్స్_నుంచి: ఆరు కాదు, డిగ్రీ అవగానే చేసే ఫౌండేషన్ ట్రైనింగ్ 2 ఏళ్ళు కలిపితే ఎనిమిది.

పాతికేళ్ళ_ప్రాక్టీస్: అలాగైతే మన హౌస్ సర్జన్సీ కూడా కలుపు.

కర్నూలు_కుర్రాడు: ఏళ్ళ లెక్క ఆపండి సార్, ఆ పీజీ అడిగిందేంటి మీరు మాట్లాడేదేంటి

నల్గొండ_కోడలు: నేను డాక్టర్ని కాదు. మా మామగారికి 78. ముందురోజు దాకా పేపరు చదివి రాజకీయాలు మాట్లాడిన మనిషి ఒక రాత్రి లేచి గోడ మీద పాములు పాకుతున్నాయని ఒకటే అరుపులు. ఆస్పత్రికి తీసుకెళ్తే మతిమరుపు ముదిరిందని ఇంజెక్షన్ చేశారు, రెండు రోజులు కళ్ళు తెరవలేదు. ఇంకో చోట చూపిస్తే మూత్రంలో ఇన్ఫెక్షన్ అన్నారు, యాంటీబయాటిక్ పడ్డాక వారానికి మామూలయ్యారు. మొదట చూసినాయన ఎండీ సైకియాట్రీనే.

పాతికేళ్ళ_ప్రాక్టీస్: అది డెలీరియం అమ్మా, ఒంట్లో జబ్బు వల్ల ఉన్నట్టుండి మతి తప్పడం. రాత్రికి రాత్రి మొదలైతే ముందు ఒంట్లో ఏముందో వెతకాలి, అది ఎంబీబీఎస్‌కే తెలియాలి. ఒకడి తప్పుకి డీఎం కావాలంటే ఎలా? అయినా ఇంట్లోవాళ్ళు ముందే అన్నీ చెప్పారా?

నల్గొండ_కోడలు: ఎవరడిగారండీ? నన్ను కూర్చోమని కూడా అనలేదు. అమెరికాలో ఉన్న మా బావగారితో మాత్రం వీడియో కాల్‌లో అరగంట మాట్లాడారు. మామగారు రాత్రి ఐదారుసార్లు లేస్తున్నారని, పక్క తడుపుతున్నారని తెలిసింది నాకు. ఆ దుప్పట్లు ఉతికేది నేను.

లీడ్స్_నుంచి: మధ్యలో బావగారినెందుకు అనడం? దూరంగా ఉన్నవాళ్ళకి బాధ ఉండదా? మా అమ్మ ఒంగోల్లో ఒక్కతే ఉంటుంది. దగ్గర్లో ఇది చదివిన డాక్టరు ఒక్కరున్నా చాలని రోజూ అనుకుంటా.

నల్గొండ_కోడలు: డాక్టరుంటే సరే, తీసుకెళ్ళేదెవరన్నా?

లీడ్స్_నుంచి: అంటే నేను ఉద్యోగం మానేసి రావాలంటారా?

నల్గొండ_కోడలు: నేను మానేశాను.

విశాఖ_పీజీ: మేడమ్, చూసుకునేవాళ్ళని పక్కన కూర్చోబెట్టి అడగాలని మాకూ చెప్తారు. కానీ ఓపీ రద్దీలో అది చేసి చూపించినవాళ్ళు లేరు. నేను డీఎం అనేది అందుకే.

పాతికేళ్ళ_ప్రాక్టీస్: అదే ఎండీలో 3 నెలలు తప్పనిసరి పోస్టింగ్ పెట్టమంటున్నా. ఏడాదికి నలుగురు డీఎంలు బయటికొస్తే నల్గొండ దాకా వస్తారా? బయట ఎనభై మంది నిలబడి ఉంటే నేను ఎంతమంది ఇంటివాళ్ళతో మాట్లాడగలను?
అమ్మా, మామగారి మందుల్లో ట్రైహెక్సీఫెనిడిల్ ఉందేమో చూడండి. వణుకు రాకుండా ఇస్తారు, ఈ వయసులో మతి ఇంకా తప్పిస్తుంది. మీ అంతట మీరు ఆపకండి, చూస్తున్న డాక్టర్ని అడగండి.

నల్గొండ_కోడలు: ఇప్పుడే పెట్టె తీసి చూశాను. ఉందండీ. మొదటి ఆస్పత్రి చీటీలోది. ఐదు నెలలుగా రోజుకి రెండుసార్లు నేనే వేస్తున్నా.