2011 నాటి మపెట్స్ చిత్రంలో మన పాత కెర్మిట్ కనిపించాడా?

ప్రశ్న:
1976 నుంచి 1981 వరకు టీవీలో సాగిన బొమ్మలాట కార్యక్రమం మపెట్ షో అంటే నాకు ప్రాణం. అందులోని కప్ప బొమ్మ కెర్మిట్‌ను సృష్టించి, ఆడించి, గొంతునిచ్చిన జిమ్ హెన్సన్ 1990లో మరణించాక ఆ బాధ్యతను స్టీవ్ విట్‌మైర్ స్వీకరించారు. 2011లో వచ్చిన చిత్రం నన్ను నవ్వించింది గాని, ఆ కప్పలో పాత చురుకుదనం తగ్గిందనిపించింది. మీ అభిప్రాయమేమిటి?

మొదటి సమాధానం:
మీ సందేహం న్యాయమైనదే. మిస్ పిగ్గీ, ఫాజీ అనే బొమ్మలకు ప్రాణం పోసిన ఫ్రాంక్ ఆజ్ కూడా ఆ కథనం పాత్రలను గౌరవించలేదన్న అభిప్రాయంతో దూరంగా ఉన్నారు. అయితే, 1999 తర్వాత వెండితెరకు దూరమైన బృందం, మూతపడిన తమ థియేటరును చమురు వ్యాపారి నుంచి కాపాడుకోవడానికి మళ్లీ ఏకమవడమనే ఇతివృత్తంలో, ప్రేక్షకులు తమను మరిచిపోయారేమోనన్న వారి నిజమైన బెంగే కథగా మారింది. కెర్మిట్‌లోని దిగులు అక్కడి నుంచే వచ్చిందని నేను నమ్ముతున్నాను.

రెండవ సమాధానం:
గొంతు మారినంత మాత్రాన పాత్ర పోదండి. మన తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క తరతరాలుగా ఎందరి గొంతుల్లోనో పలికారు. నా అసంతృప్తి వేరు. మనుషుల ప్రేమకథకు ఇచ్చిన సమయంలో కొంత గాంజో, రౌల్ఫ్ వంటి పాత బొమ్మలకు దక్కవలసింది. పాటల రచయిత బ్రెట్ మెకెంజీకి ఆస్కార్ తెచ్చిన పాటలో మాత్రం, తాను మనిషినా బొమ్మనా అని కొత్త పాత్ర వాల్టర్ తల్లడిల్లే తీరు నన్ను నిజంగా కదిలించింది.